ఆరు సన్‌స్టోన్లు, రెండు బల్లలు

ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు టీ వచ్చింది. సూరత్‌లో నేను పనిచేసిన రత్న పరీక్షా కేంద్రంలో రోజూ టీ వచ్చే వేళ అదే. పరీక్ష బల్లల మీద తడి వస్తువేదీ ఉంచకూడదని నియమం కాబట్టి గ్లాసులు కిటికీ గట్టు మీద పెట్టించుకునేవాళ్ళం. నేను గ్లాసు అందుకుంటూ ఉండగా బయట హాల్లోంచి పెద్ద గొంతుతో తెలుగు వినబడింది. ఎవరో ఫోన్లో, నాలుగింటిలోపు కాగితం చేతికొస్తుందని ఎవరికో మాట ఇస్తున్నారు. మా కేంద్రం అలాంటి మాట ఎవరికీ ఇచ్చి ఉండదు. టీ తాగకుండానే బయటికి వెళ్ళాను.

కరోనా మూసివేతలు పూర్తిగా పోయిన తర్వాతి శీతాకాలం అది. నేను అక్కడ సీనియర్ జెమాలజిస్టుని. నా పైన చీఫ్ జెమాలజిస్టు రమీలాబెన్ ఉండేవారు. రాయి ఏదో, సహజమో కాదో, దానికి ఏమైనా చేశారో లేదో చూసి సంతకం పెట్టడం మా ఇద్దరి పని. ఆవిడ పోయి ఈ వర్షాకాలానికి ఏడాది. ఆవిడ గురించి రాయమని మా వృత్తిలోని మిత్రులు అడిగారు. పొగడడం నాకు చేతకాదు, చదవడం కూడా ఇష్టం ఉండదు. అందుకని ఒక పూట ఏం జరిగిందో రాస్తున్నాను.

హాల్లో ఉన్నది మల్లేశం. అంతకు ముందు రెండు మూడుసార్లు చిన్న వజ్రాలు తెచ్చాడు కాబట్టి ముఖం తెలుసు. జగిత్యాల వైపు మనిషి. సూరత్‌లోనే బమ్రోలిలో ఉంటూ చాలా ఏళ్ళు సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, పనిచేశాడు. ఆ చప్పుడులో చెవులు సగం పోయాయి. చెవులు పూర్తిగా పోకముందే ఆ పని మానమని డాక్టరు చెప్పాడట. మానేసి, తెలిసినవాళ్ళ ద్వారా వజ్రాలు అమ్మే హీరా బజారులో దలాల్‌గా తిరగడం మొదలుపెట్టాడు. తన గొంతు ఎంత పెద్దదో అతనికి తెలియదు. రమీలాబెన్ ఒకసారి హిందీలో, మల్లేశ్‌భాయ్ చెవిలో చెప్పిన రహస్యం తాపీ నది అవతలికి కూడా వినబడుతుందని ఆటపట్టించారు. అతను నవ్వి నాతో అన్నాడు.

"మాది సాంచాల నోరు సారూ. జర మెల్లగ మాట్లాడుమంటె ఏం మాట్లాడాల్నో మర్సిపోత."

ఆ రోజు నవ్వలేదు. జేబులోంచి మడిచిన కాగితం పొట్లం తీసి నా చేతిలో పెట్టాడు. అందులో ఆరు సన్‌స్టోన్లు ఉన్నాయి, సానపట్టినవి, ఎరుపు కలిసిన నారింజ రంగు.

సన్‌స్టోన్ ఫెల్డ్‌స్పార్ జాతి ఖనిజం. లోపల రాగివో, ఇనుప ఆక్సైడువో పలుచని పలకలు ఉంటాయి. వెలుగు వాటి మీద పడి తిరిగి వచ్చినప్పుడు రాయి మెరుస్తుంది. దీన్ని సూర్యకాంతం అని రాసేవాళ్ళున్నారు. ఎండలో పెడితే నిప్పు పుట్టిస్తుందని కావ్యాల్లో చెప్పే మణి వేరు, ఈ రాయి వేరు. ఆ పేరుతో అమ్ముతున్నారంటే అమ్మేవాడు రాయికంటే మాటను ఎక్కువ నమ్ముకున్నాడని నా అనుమానం. బజారులో అందరూ సన్‌స్టోన్ అంటారు, నేనూ అదే అంటాను.

సూరత్ వజ్రాల ఊరు. రంగురాళ్ళు అక్కడికి తక్కువగా వస్తాయి. మల్లేశం ఈ ఆరింటినీ ఒక శేఠ్ దగ్గర జంగడ్ మీద తెచ్చాడు. జంగడ్ అంటే నమ్మకం మీద సరుకు ఇవ్వడం. దలాల్ దాన్ని కొనేవాళ్ళకు చూపిస్తాడు. బేరం కుదిరితే సరే. కుదరకపోతే ఎలా తీసుకున్నాడో అలాగే, తన చేతులతోనే తిరిగి అప్పజెప్పాలి. ఒక్కసారి ఇందులో తేడా వస్తే ఆ దలాల్‌కి ఇంకెవరూ సరుకు ఇవ్వరు. అతన్ని ఎవరూ తిట్టరు, ఫిర్యాదూ చెయ్యరు. ఇవ్వడం మానేస్తారు, అంతే.

జైపూర్ నుంచి వచ్చిన వ్యాపారి ఒకతను ముందురోజు ఈ రాళ్ళు చూశాడు. లూప్, అంటే కంటికి ఆనించే చిన్న భూతద్దం, పెట్టి చూసి, పైన సన్నని గుంటలున్నాయి, ఇవి ట్రీటెడ్‌లా ఉన్నాయన్నాడు. సహజమేనని పరీక్షా కేంద్రం రాసిస్తే కొంటానన్నాడు. నాలుగింటికి వస్తాడు, సాయంత్రం రైలుకి వెళ్ళిపోతాడు. ట్రీటెడ్ అన్న మాట అప్పటికే బజారులో ఒకరిద్దరి చెవిన పడింది. ఆ మాట ఖాయమైతే శేఠ్ దాన్ని ఒప్పుకోడు, తను ఇచ్చిన రాళ్ళు ఇవి కావంటాడు. రాళ్ళు మార్చాడన్న నింద దలాల్ మీదికి వస్తుంది.

"జర మంచిగ చూడుండ్రి సారూ," అన్నాడు మల్లేశం. "ఇది తప్పితె నేను మళ్ళ సాంచాల కాడికే పోవాలె. పోతె ఈ ఉన్న చెవు గూడ ఉండది."

కూర్చోమని, నాలుగింటి మాట మాత్రం మేము ఇవ్వలేమని చెప్పాను. హాల్లో బెంచీ మీద ఇంకో ఇద్దరు దలాళ్ళు, వాళ్ళూ తెలుగువాళ్ళే, తమ వంతు కోసం కూర్చుని ఉన్నారు. అతను వాళ్ళ పక్కన కూర్చున్నాడు. అద్దం తలుపు మూసినా అతని మోకాలు ఆగకుండా ఊగడం నాకు కనబడుతూనే ఉంది.

మా కేంద్రంలో ఒక పద్ధతి ఉండేది. రమీలాబెన్ పెట్టినదే. పరీక్ష గదికి రెండు చివర్లలో రెండు బల్లలు. రాయిని మొదట ఒకరు చూస్తారు. చూసి, మారుమాట లేకుండా పొట్లంలో పెట్టి రెండో బల్లకి పంపిస్తారు. రెండోవారు చూడడం పూర్తయ్యాక ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి తమ తీర్పు ఒక్కమాటలో చెప్పాలి. అప్పటిదాకా సైగ కూడా ఉండకూడదు. తెచ్చినవాడిని ఏమీ అడగకూడదు. రాయి ఎక్కడిదో, దాని కథేమిటో ముందే వింటే కన్ను ఆ కథకి సరిపోయేదే వెతుక్కుంటుందని ఆవిడ అనేవారు. ఇద్దరి మాటా ఒకటైతే సంతకాలు. వేరైతే, అప్పుడు మాత్రం తెచ్చిన మనిషిని పిలిచి అడగాలి. ముందు అడగడం ఎంత తప్పో, తర్వాత అడగకపోవడం అంత తప్పని కూడా ఆవిడే అనేవారు.

ఆ రోజు మొదటి బల్ల నాది. నేను అడగకపోయినా మల్లేశం చెప్పిన కథ అప్పటికే నా చెవిన పడింది.

మొదట గాజు అనుమానం తీర్చుకోవాలి. సన్‌స్టోన్ పేరుతో అమ్మే నకళ్ళలో ఎక్కువగా కనబడేది గోల్డ్‌స్టోన్. కరిగిన గాజులో రాగి కణాలు పుట్టించి చేస్తారు. అది ఎటు తిప్పినా ఒకేలా మెరుస్తుంది, చమ్కీ చల్లినట్టు. లూప్‌లో కణాలన్నీ సమానంగా పరుచుకుని కనబడతాయి. కొన్నిసార్లు గుండ్రటి గాలిబుడగ కూడా దొరుకుతుంది. అసలు సన్‌స్టోన్‌లో పలకలు వరసలుగా ఒకే దిక్కున పడుకుని ఉంటాయి. అందుకే రాయిని మెల్లగా వంచితే ఒక కోణంలో మెరుపు వచ్చి, ఇంకాస్త వంచేసరికి పోతుంది. ఇంట్లో కిటికీ దగ్గర నిలబడి ఎవరైనా చూసుకోవచ్చు. ఈ ఆరింటిలో మెరుపు వచ్చి పోతోంది. గాజు కాదు.

కష్టం రెండో రకంతో. లేత రంగు ఫెల్డ్‌స్పార్‌ని రాగి కలిసిన పొడిలో పాతిపెట్టి, మూసలో చాలాకాలం తీవ్రమైన వేడిలో ఉంచితే రాగి లోపలికి ఇంకి రాయి ఎర్రబడుతుంది. రాయి సహజం, రంగు మాత్రం కొలిమిది. మేము ట్రీటెడ్ అనేది దీన్నే. దీన్ని పట్టుకోవడానికి లూప్ చాలదు. చివరి మాట చెప్పేది రసాయన విశ్లేషణ. ఆ యంత్రం మా దగ్గర లేదు. మేము చూడగలిగింది కొలిమి వదిలిన ఆనవాళ్ళని. ఉపరితలం మీద గుంటలు, కరిగి గట్టిపడిన చర్మం, పగుళ్ళలో గాజులాంటి మడ్డి. అమ్మేవాళ్ళు మళ్ళీ సానపట్టి వాటిని పోగొడతారు గాని, అంచుల్లోనో పగుళ్ళలోనో కొంత మిగులుతుంది.

మైక్రోస్కోప్ కింద ఆరు రాళ్ళకీ గుంటలున్నాయి. ముఖాల మెరుపు తగ్గి మసకగా ఉంది. అలమరలో మేము దాచుకున్న నమూనాల్లోంచి ట్రీటెడ్ అని ఖాయంగా తెలిసిన రాయి తీసి పక్కన పెట్టి చూశాను. చాలా దగ్గరగా ఉంది. పగుళ్ళలో మడ్డి కోసం వెతికాను, కనబడలేదు. శుభ్రంగా కడిగేసి ఉండవచ్చు. సానపట్టిన తర్వాతే కొలిమిలో పెట్టి, పైపైన మెరుగుపెట్టారని నాకు నేను చెప్పుకున్నాను. కాని అలా చేస్తే అంచులు కొంచెమైనా గుండ్రబడాలి. ఇవి పదునుగానే ఉన్నాయి.

ఈ ఒక్కటీ నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. ఒకే రాయిని మళ్ళీ మళ్ళీ తీసి చూశాను. ట్రీటెడ్ అన్న మాట మా గదిలో నుంచి బయటపడితే బజారులో అందరికీ చేరాక గాని ఆగదు. తర్వాత కాదని మేమే రాసిచ్చినా ఆ కాగితం ఎవరూ చదవరు. సహజం అని రాసి అది తప్పైతే, జైపూర్ వ్యాపారి మా సంతకం చూపించి ఆ రాళ్ళని ఇంకొకరికి అమ్ముతాడు. నా టీ గట్టు మీద చల్లారిపోయింది. పొట్లం మడిచి రెండో బల్లకి పంపాను.

రమీలాబెన్ చూసినంతసేపూ నేను ఇంకో వజ్రం ముందు కూర్చున్నాను గాని దాన్ని చూడలేదు. అద్దం అవతల మల్లేశానికి పక్కవాళ్ళు వేరుశెనగలు ఇవ్వబోతే అతను వద్దనడం చూశాను. మూడవుతుండగా ఆవిడ లేచి గది మధ్యకి వచ్చారు. నేనూ వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను.

నేను ట్రీటెడ్ అన్నాను. ఆవిడ తేల్చలేం అన్నారు.

ఎందుకని అడిగాను. గుంటల ఆకారం చూశావా రావుభాయ్ అని నన్నే అడిగారు. చూశాను, కాని ఆకారం కోసం చూడలేదు. కొలిమి గుంటలు అడ్డదిడ్డంగా, అంచులు కరిగినట్టు ఉంటాయి. వీటి అంచులు కోసుగా ఉన్నాయి, పైగా అన్నీ ఒకే దిక్కుకి తిరిగి ఉన్నాయి. రాగి పలకలు ఏ దిక్కున పడుకున్నాయో అదే దిక్కు. ఉపరితలాన్ని తాకిన పలకల్ని ఎవరో తోడేసినట్టు ఉందని, ఎలా తోడారో మాత్రం తెలియడం లేదని అన్నారు. తేల్చలేం అని రాసిస్తే బజారులో దానికీ నకిలీ అన్నదానికీ తేడా లేదని ఆవిడకి తెలుసు. అందుకే ఇప్పుడు పిలుద్దాం అన్నారు.

మల్లేశం లోపలికి వచ్చి నిలబడ్డాడు. రమీలాబెన్ హిందీలో, మెల్లగా, ఒక్కొక్క మాటా పెదాలు కనబడేలా అడిగారు. శేఠ్ దగ్గర తీసుకున్నప్పటి నుంచి ఈ రాళ్ళకి ఏం జరిగింది? అతను ఏమీ జరగలేదన్నాడు. అతను నా వైపు తిరిగాడు.

"ఏమైంది సారూ? ఏమొచ్చింది?"

ఇద్దరి మాటా కలవలేదని చెప్పాను. రాళ్ళని ఎవరైనా తుడిచారా, కడిగారా, వేడి చేశారా అని అడిగాను. అతను తలుపు వైపు చూశాడు. అద్దం అవతల ఆ ఇద్దరు దలాళ్ళు అలాగే కూర్చుని ఉన్నారు. అప్పుడే నాకు అర్థమైంది, ఏదో జరిగిందని, అది చెప్పడానికి తలుపు మందం చాలదని అతను భయపడుతున్నాడని. రమీలాబెన్ కూడా అది గమనించి, కాగితం మీద రాసి చూపించమన్నారు. అతనికి రాయడం సరిగా రాదు. చెయ్యి అడ్డంగా ఊపాడు.

"చెప్పకుంటె రాయి ఖరాబ్ అంటరు. చెప్తె నేను ఖరాబ్ అంటరు," అన్నాడు. తర్వాత తనకి మెల్లగా అనిపించిన గొంతుతో చెప్పాడు. "ఉడకబెట్టించిన సారూ. వజ్రాలు ఉడకబెట్టే కాడ మనోడు ఒకడుంటడు. పార్టీకి జర చమక్‌గ కనవడాలె అని ఇచ్చిన. గీడ అందరు ఉడకబెడ్తరు గదా. రాయికి గిట్లయితదని నాకెట్ల తెల్సు?"

వజ్రాల సాన పూర్తయ్యాక, పైన మిగిలిన నూనె, మసి, గుర్తులు గీసిన సిరా పోవడానికి వాటిని కాగే ఆమ్లంలో వేస్తారు. సూరత్‌లో అది గిన్నెలు తోమినంత మామూలు పని. వజ్రానికి ఏమీ కాదు. ఆ ఊళ్ళో పనిచేసిన ఎవరికైనా రాయి అంటే వజ్రమే. వేరే రాయి వేరేలా ఉంటుందన్న ఆలోచనే రాదు. కాగే ఆమ్లంలో రాగి కరిగిపోతుంది. ఉపరితలాన్ని తాకిన ప్రతి పలకా కరిగి, దాని ఆకారంలో ఖాళీ గుంట మిగిలింది. ఫెల్డ్‌స్పార్ కూడా కొంత తినబడి ముఖాలు మసకబారాయి. మేము కొలిమి కోసం వెతికాం. రాళ్ళు చూసింది ఆమ్లం గిన్నెని.

అద్దం అవతల ఇద్దరిలో ఒకతను ఫోను తీసి బయటికి నడిచాడు. మల్లేశం అది చూశాడు.

అతను చెప్పింది నేను రమీలాబెన్‌కి హిందీలో చెప్పాక మళ్ళీ చూశాం, ఈసారి ఇద్దరం ఒకే బల్ల దగ్గర. గుంటల అడుగున మడ్డి లేదు, కరిగిన చర్మం లేదు. ఉపరితలానికి కొంచెం లోపల పలకలు చెక్కుచెదరకుండా ఉన్నాయి. గుంటలన్నీ సానపట్టిన ముఖాల మీదే ఉన్నాయి, అంటే సాన తర్వాత పడినవే. రమీలాబెన్ నివేదిక మాటలు చెబుతుంటే నేను టైపు చేశాను. సహజ సన్‌స్టోన్. కొలిమి ట్రీట్‌మెంట్ ఆనవాళ్ళు కనబడలేదు. ముఖాల మీద ఆమ్లం వల్ల కలిగిన దెబ్బ ఉంది. నేను "ట్రీట్‌మెంట్ జరగలేదు" అని టైపు చేయబోతే ఆపించారు. మనకి కనబడలేదు, అంతవరకే మనకి తెలుసు అన్నారు. రసాయన విశ్లేషణకి ఒక రాయిని బయటికి పంపించుకోవచ్చని కింద ఒక వాక్యం చేర్చారు.

నేను ఆవిడని పక్కకి పిలిచి, ఆమ్లం వాక్యం లేకుండా రాయవచ్చా అని అడిగాను. సహజం అన్న ఒక్కమాట చాలు, అతని పేరు నిలబడుతుంది. ఆ వాక్యం తీసేస్తే గుంటలు చూసిన ప్రతివాడూ మళ్ళీ కొలిమి అనే అనుకుంటాడని, రాళ్ళని కాపాడేది ఆ వాక్యమేనని ఆవిడ అన్నారు. అతన్ని కాపాడే వాక్యం మన దగ్గర లేదు రావుభాయ్ అని కూడా అన్నారు.

నాలుగు కాకముందే శేఠ్ వచ్చాడు. ఫోను ఎవరు చేశారో మేము అడగలేదు. తెల్ల చొక్కా వేసుకున్న పెద్దాయన, గొంతు పెంచలేదు. నివేదిక చదివి, సరుకు నాది, నాకు ఇచ్చెయ్యండని చెయ్యి చాపాడు. మల్లేశం గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. శేఠ్ అతని వైపు చూడలేదు.

పొట్లం రమీలాబెన్ చేతిలో ఉంది. ఆవిడ దాన్ని శేఠ్‌కి ఇవ్వలేదు. మాకు తెచ్చి ఇచ్చినది మల్లేశ్‌భాయ్, రసీదు ఆయన పేరున ఉంది, ఆయన చేతికే తిరిగి ఇవ్వడం మా నియమం అని చెప్పారు. శేఠ్ ఆ సరుకు తనదేనని మళ్ళీ అన్నాడు. కాదని మేము అనడం లేదు అని ఆవిడ జవాబిచ్చారు. బల్ల చుట్టూ తిరిగి వెళ్ళి, మల్లేశం ఎదుట పొట్లం విప్పి, ఆరు రాళ్ళూ చూపించి, మళ్ళీ మడిచి అతని చేతిలో పెట్టారు. అతను రెండడుగులు వేసి శేఠ్‌కి అందించాడు. శేఠ్ తీసుకోక తప్పలేదు. లెక్క చూసి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

జైపూర్ వ్యాపారి రాళ్ళు కొనలేదని తర్వాత తెలిసింది. శేఠ్ ఒక రాయిని వేరే ఊరు పంపించి విశ్లేషణ చేయించాడు. రంగు సహజమేనని వచ్చింది. మసక పోవడానికి ఆరింటినీ మళ్ళీ సానపట్టించాడు. బరువు కొంత పోయింది. మల్లేశానికి ఆ తర్వాత హీరా బజారులో జంగడ్ మీద ఎవరూ సరుకు ఇవ్వలేదు. మళ్ళీ సాంచాల దగ్గరికే వెళ్ళాడు. ఇప్పుడు సూరత్ పక్కన కడోదరాలో ఒక మిల్లులో మేస్త్రీగా ఉన్నాడు. రెండో చెవికి యంత్రం పెట్టుకున్నాడు.

రమీలాబెన్ బేస్ణాకి, అంటే గుజరాతీల్లో పరామర్శకి అందరూ వచ్చి మౌనంగా కూర్చునే పూటకి, అతను వచ్చాడు. ఎవరు చెప్పారో తెలియదు. వెనక వరసలో నా పక్కన కూర్చుని, నాకు మాత్రమే చెబుతున్నాననుకుని చెప్పాడు.

"ఆ రోజు పొట్లం నా చేతికే ఇచ్చింది సారూ మేడమ్."

హాలంతా వెనక్కి తిరిగి చూసింది. భాష ఎవరికీ అర్థం కాలేదు. నేను అవునన్నాను.

ఆ పూట నుంచి వృత్తిలో నేను నేర్చుకున్నది చిన్న విషయమే. గుంట కనబడగానే దానికి కారణం కూడా కనబడినట్టే అనిపిస్తుంది. కనబడింది గుంట మాత్రమే. సన్‌స్టోన్ కొనేవాళ్ళకి చెప్పదగింది కూడా ఇంతే. మెరుపు వచ్చి పోతుందో లేదో వంచి చూసుకోండి. పరీక్షలో తేడా వస్తే తిరిగి తీసుకుంటానని రాయించుకోండి. ఒకే ఎరుపులో చాలా రాళ్ళు ఒకేసారి చూపిస్తే ఆగండి, అది కొలిమి రంగు కావచ్చు. కొన్నాక గోరువెచ్చని నీళ్ళు, మెత్తని గుడ్డ తప్ప దేనితోనూ కడగకండి.

నేను పదవీ విరమణ చేశాక రెండో బల్ల తీసేసి అక్కడ కొత్త యంత్రం పెట్టారు. అది మంచి యంత్రం, మాకు కనబడనివి దానికి కనబడతాయి. సరుకు కొరియర్‌లో వస్తుంది, కొరియర్‌లోనే పోతుంది. తెచ్చిన మనిషిని పిలిచి అడగడం ఇప్పుడు లేదు. అతని చేతికే తిరిగి ఇవ్వడం కూడా లేదు.